ఎడమ పక్క, కుడి పక్క

ఆరింటికి ఎడమ పక్క. ఎనిమిదింటికి కుడి పక్క. పదింటికి వెల్లకిల. నవనీత పద్నాలుగు నెలలుగా మామ కిష్టయ్యను ఇట్లా తిప్పుతూనే ఉంది. పక్షవాతంతో ఆయనకు మాట పోయింది, మింగడం పోయింది. ముక్కులో పైపు. మామ ముందర కుర్చీలో కూర్చోవద్దని అత్త బతికున్నప్పుడు నేర్పింది. ఇప్పుడు ఆ మామకే బట్టలు విప్పి కడుగుతోంది. అది ఎట్లా చేయాలో అత్త నేర్పలేదు. భర్తకు ఎరువుల దుకాణం. కన్నతండ్రి గది దాటేటప్పుడు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుంటాడు.

పడుకుని పడుకుని నడుం కింద పడ్డ పుండు లోతుకు పోయింది. ఇక ఇంట్లో లాభం లేదు, నర్సులుండే చోట పెట్టమన్నాడు డాక్టర్. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ఇంకో మాట చెప్పింది. సెలవులు అయిపోయాయి, సోమవారం సెంటర్ తెరవకపోతే నవనీత టీచర్ పోస్టు ఇంకొకరికి పోతుంది.

"నువ్వే చూసిరా. ఖాళీగనే ఉంటవు గదా" అన్నాడు భర్త.

శుక్రవారం ఆడబిడ్డ యాదలక్ష్మిని మామ దగ్గర కూర్చోబెట్టి, మోత్కూర్‌లో బస్సెక్కింది.

రామన్నపేట నర్సింగ్ హోంలో కౌంటర్ అమ్మాయి భర్త పేరు అడిగింది. నవనీత భర్త పేరున్న ఆధార్ కార్డు ముందుకు జరిపింది.

"గీ కాలంల గూడ పేరు తీయరా ఆంటీ?" అమ్మాయి నవ్వింది.

ఇరవై రెండేళ్లుగా తీయలేదు. తీస్తే మొగని ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పింది.

"మనిషిని పక్కకు ఎవరు తిప్పుతరమ్మా?" నవనీత అడిగింది.

"మీ ఇంటోళ్లే. మేం సెలైన్ వెడ్తం, బీపీ చూస్తం."

భువనగిరిలో రెండోది పెద్ద రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపులు. లోపలికి పోతుంటే భర్త ఫోను. "లిఫ్ట్ ఉందా? కారు నిలపనీకి జాగా ఉందా? చుట్టాలొస్తే ఇజ్జత్ ఉండాలె." ఆమె లిఫ్ట్ చూడలేదు. ఒక ముసలామె కాళ్ల మీది దుప్పటి లేపింది. ఎన్ని రోజులుగా తిప్పలేదో, మడమ నల్లగా కుళ్లి ఉంది.

"ఏందమ్మా, దుప్పటి లేపుతున్నవ్?" మేనేజర్ పరుగున వచ్చాడు.

"మడమ చూస్తున్న."

"అందరు ఏసీ చూస్తరు. నువ్వేంది మడమలు చూస్తవ్?"

ఆడబిడ్డ ఫోను. "వదినె, జల్ది రా. రెండుసార్లు తిప్పేసరికే నా నడుం పోయింది."

మూడోది అదే ఊళ్లో, గుట్ట వెనక సందులో. పది మంచాలు. ప్రతి మంచానికి ఒక కాగితం వేలాడుతోంది, ఏ గంటకు ఏ పక్కకు తిప్పారో రాసి. నవనీత మూడు దుప్పట్లు లేపింది. మూడు జతల మడమలూ శుభ్రంగా ఉన్నాయి. సిస్టర్ శ్రీదేవి ఆపలేదు, పక్కనే నిలబడి చూసింది.

"ఆరు నుంచి రెండు దాక నేను. రెండు నుంచి పది దాక ఒకామె. రాత్రికి ఇంకొకామె. ఒక్కరితోటి అయ్యే పనా ఇది? ఇంట్ల ఎవరు చేస్తున్నరు?"

"నేను."

"ఇంకా?"

"నేనే."

శ్రీదేవి కుర్చీ లాగి వేసింది. నవనీత కూర్చుంది. ముగ్గురు. ముగ్గురి పని. పైగా వాళ్లకు వారానికి ఒక సెలవు ఉంటుంది, చదువు ఉంది, సిస్టర్ అని పిలిచే మనుషులున్నారు. వీళ్లెవరినీ ఖాళీగా ఉంటారని ఎవరూ అనరు. పుండు పడ్డ రోజు భర్త గడపలో నిలబడి, "ఏం చూసుకుంటున్నవే నువ్వు?" అన్నాడు. ఆ రాత్రంతా తప్పు తనదేననుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది. పద్నాలుగు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా దుప్పటి లేపలేదు.

"ఒకటి చెప్త" అంది శ్రీదేవి. "మొదటి పదిహేను రోజులు సొంత మనిషి ఈడనే ఉండాలె. తెలిసిన మొఖం కనవడకుంటే భయానికి పైపు గుంజుకుంటరు."

నవనీత భర్తకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చెప్పింది.

"నువ్వుండు. నీకు అలవాటే గదా."

"సోమవారం సెంటర్ తెరవాలె."

"పోతే పోనీ ఆ నౌకరి. పోరగాండ్లకు గుడ్లు పంచుడే గదా. నేను దుకాణం ఇడిచిపెట్టి ఎట్లొస్త?"

శ్రీదేవి ఫోను వైపు చూడకుండా కాగితం తీసింది. "తోడుండే అటెండెంట్ పేరు చెప్పమ్మా."

నవనీత చెయ్యి సంచిలోకి పోయింది. ఆధార్ కార్డు వేళ్లకు తగిలింది. చెయ్యి బయటికి తీసింది.

"విజేందర్."

ఫోనులో భర్త గొంతు చిన్నగా వచ్చింది. "నా పేరు తీస్తున్నవా?"

"విజేందర్" అంది మళ్లీ, శ్రీదేవికి సరిగ్గా వినపడేటట్టు. "కిష్టయ్య కొడుకు. సోమవారం పొద్దుగాల్నే వస్తడు. పక్కకు తిప్పుడు రాదు సిస్టర్. నేర్పుండ్రి."