తూర్పు గాలికి తిరిగిన వల

అడవిపందికి చూపు తక్కువ. అది ముక్కుతో బతుకుతుంది. ఆ ముక్కుకు కబురు మోసేది గాలి. ఈ మాట నాకు మా మామ గట్టయ్య చెప్పాడు, డెబ్బై ఆరులో, నెక్కొండ అవతల వాళ్ల ఊళ్లో, భాద్రపదం ముసురులో.

అప్పుడు నేను కాజీపేటలో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్‌ని. పెళ్లయిన కొత్త. సెలవు పెట్టి అత్తగారింటికి వెళ్తే కోడికూర పెట్టాల్సిన వాళ్లు చేతికి తాడిచ్చారు.

కారణం మొగిలమ్మత్త. మామకు సొంత చెల్లెలు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఎకరం మక్కచేను. కంకులు గట్టిపడే వేళకు పందులు పడి సగం తొక్కేశాయి. ఇంకొక్కసారి పడితే ఆ ఏడాది ఆమె పొయ్యి మీద మక్కగట్క ఉడకదు. ఆమె రాత్రంతా రేకుడబ్బా మోగిస్తూ కాపలా కాసేది. డబ్బా చప్పుడుకు పందులు అలవాటు పడిపోయాయి.

"ఎండ కాస్తె వాగు బురదల పండుకుంటయ్," అన్నాడు మామ, తడిసిన నేల మీద గిట్టల గుర్తులు చూపిస్తూ. "ముసురు పడితె గుబురు పొదల ఉండయ్. ఆకుల మీదికెళ్లి చుక్క చుక్క పడుతాంటె వాటికి మండుతది. గట్టునేల ఎక్కి, గడ్డి కొరికి పడక ఏసుకుంటయ్."

గుర్తులు చేను పక్కనున్న బోడుగుట్ట ఎక్కాయి. గాలి పడమర నుంచి వీస్తోంది. గుట్టకు తూర్పు కొసన రాళ్ల సందులో వల కట్టాం. పడమటి నుంచి మనుషులు అరుస్తూ తోలితే వాళ్ల వాసన పందులను ముందుకు తరుముతుంది. వల దగ్గరున్న మా వాసన వాటికి అందదు.

మొదటి ముడికి పసుపు రాసి మైసమ్మకు మొక్కింది రాయమల్లు. మామకు బామ్మర్ది వరస. పసుపు పెట్టిన ముడిని వేట ముగిసేదాకా విప్పకూడదు. ఆడమనిషి చెయ్యి వలకు అసలే తగలకూడదు. అది ఆ ఊరి కట్టు.

"రైలు అల్లుడా, తాడు ఇడువకు," అన్నాడు రాయమల్లు. "ఇడిస్తె పంది నీ మీదికెళ్లి ఎక్స్‌ప్రెస్ లెక్క పోతది."

"మధ్యల ఆగదా?"

"నువ్వు చిన్న టేసనువు. నీ దగ్గెర ఎందుకాగుతది?"

నవ్వుతుండగానే ముసురు తెరిపిచ్చింది. ఆకుల చప్పుడు ఆగిపోయింది. దూరంగా పొలాల అవతల సిగ్నల్ దగ్గర ఒక గూడ్సు నిలబడి ఉంది. నా కళ్లు అలవాటుగా ఇంజను పొగ మీద పడ్డాయి. పొద్దున చూసిన బండి పొగ తూర్పున కేసముద్రం వైపు వాలింది. ఈ పొగ పడమట వరంగల్ వైపు వాలుతోంది.

"మామా, పొగ చూడు."

మామ చూశాడు. వేలు తడుపుకుని పైకెత్తాడు. మొహం మాడిపోయింది.

"తూర్పు గాలి మళ్లింది. మన వాసన సక్కగ వాటి ముక్కులకే పోతాంది. ఇగ ఇటు రావు. తోలెటోళ్లను తోసుకొని ఎనుకకు ఉరుకుతయ్."

"వల అటు మారుద్దాం," అన్నాను.

"పసుపు ముడి ఇప్పుతరా?" రాయమల్లు అడ్డం వచ్చాడు. "బావా, మీ నాయిన ఎన్నడన్న ఇప్పిండా?"

పులి ఎదురుపడ్డా తొణకని మా మామ ఆ ముడి ముందు నిలబడిపోయాడు. "ఇయ్యాల్టికి ఇడిసిపెడుదాం," అన్నాడు చివరికి. "ఎల్లుండి చూద్దాం."

ఆ మాట చేను గట్టు మీదున్న మొగిలమ్మత్త చెవిన పడింది. డబ్బా పట్టుకునే వచ్చింది.

"ఎల్లుండిదాక పందులను ఏం జెప్పి ఆపాలె అన్నా? చుట్టాల లెక్క పీటేసి కూసోబెట్టాల్నా? ముసురంత పస్తున్నయ్. తెరిపియ్యంగనె దిగుతయ్. పొద్దుగూకక ముందే నా చేన్ల ఉంటయ్."

"ముడి ఇప్పుతె అరిష్టం చెల్లె."

"చేను పోతె?"

ఆమె డబ్బా కింద పడేసింది. నేరుగా వల దగ్గరికి వెళ్లింది. తడికి బిగుసుకున్న ముడి వేళ్లకు లొంగకపోతే పంటితో లాగింది. ముడి ఊడింది. పెదవికి పసుపు అంటుకుంది.

"తప్పయితె నా నెత్తి మీద. మీరు మగోళ్లు, ఏం జెయ్యలె. ఇగ ఎత్తుర్రి."

మామ చెల్లెలి మొహం ఒకసారి చూశాడు.

"పట్టుర్రి," అన్నాడు.

గుట్ట చుట్టూ తిరిగి పడమటి కొసకు పరుగెత్తాం. తోలేవాళ్లను సైగలతో తూర్పుకు పంపాం. రెండోసారి పెట్టడానికి రాయమల్లు దగ్గర పసుపు లేదు. సణుగుతూనే వల కట్టాడు. నేను తాడు చేతికి చుట్టుకుని బండ వెనక కూర్చున్నాను.

అవతల కేకలు లేచాయి. కుక్కలు మొరిగాయి. ఈతపొద పగిలినట్టు విచ్చుకుంది. మగపంది వచ్చి వలను గుద్దింది. గుంజ ఊడిపోయింది. తాడు నన్ను బురదలో బోర్లా ఈడ్చింది. చర్మం లేచిపోతున్నా వదల్లేదు. కోర నా మొహం పక్కనే నేలను చీల్చింది. తర్వాత బరువు ఆగిపోయింది. తల ఎత్తితే పంది డొక్కలో మామ బల్లెం దిగబడి ఉంది. ఆడపంది పిల్లలను తీసుకుని వాగు దాటి అడవిలో పడింది. అలా బెదిరిన గుంపు ఒక పంటకాలం ఆ దిక్కు చూడదు.

కూర వాటాలు వేస్తుంటే రాయమల్లు అడిగాడు. "తలకాయ ముడి కట్టినోళ్లది. నాదేనా బావా?"

"ఇప్పినామెది."

"ఇప్పినోళ్లకు వాటా ఏడుంది?"

"ఇయ్యాల్టికి ఉంది."

రాయమల్లు దాన్ని చచ్చేదాకా ఒప్పుకోలేదు. మరుసటి ఏడు మళ్లీ పసుపు, మళ్లీ పాత కట్టే. ఇప్పుడు ఎనభైలు సగం దాటాయి. బోడుగుట్టను కంకర కోసం పగలగొడుతున్నారు. నాకు డీజిల్ ఇంజను వచ్చింది. నెక్కొండ దాటేటప్పుడు గాలి ఎటుందో చూడాలంటే దాని పొగ పొగలా ఉండదు. ముసురు పట్టినప్పుడల్లా ఆ తడిసిన ఈతాకు వాసన కోసం కిటికీలోంచి తల బయట పెడతాను.

వేట జరిగిన ఆ సాయంత్రం తలకాయ ఇద్దామని వెళ్తే మొగిలమ్మత్త ఇంట్లో లేదు. చేనులో ఉంది. ఒరిగిన మక్క కర్రలను ఒక్కొక్కటే నిలబెట్టి మొదట్లో మట్టి తొక్కుతోంది. మామ పంచె ఎగగట్టి పక్క సాలులో దిగాడు. రాయమల్లు కూడా దిగాడు, "అరిష్టం, అరిష్టం" అంటూనే. నేను పార అందుకుని రెండు మొక్కలకు మట్టి ఎగదోశాను.

"అల్లుడా!" అత్త కేక వేసింది. "అది ఇంజను కాదు బొగ్గు ఎత్తిపొయ్యనీకి. ఏర్లు తెగుతయ్. జర నిమ్మళంగ!"