మేడ మీంచి చూపు ఆనినంత దూరం

ఆ నగరంలో పొగంటే మామూలు పొగా! పొద్దున ఆరేసిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి నల్లకోటయ్యేది; లాయర్లు బట్టల కొట్టు మొహం చూడటమే మానేశారు. ఎదురుగా వచ్చే మొగుణ్ణి పెళ్ళాం దగ్గును బట్టి పోల్చుకునేది.

అలాంటిది, జబ్బు భయానికి బళ్ళూ ఫ్యాక్టరీలూ మూతపడి నెల తిరిగేసరికి గాలి కడిగిన అద్దమైపోయింది. చూపు రోజుకో పాతిక మైళ్ళు ముందుకు సాగింది. సాయంత్రమైతే జనం మేడలెక్కి పొరుగూళ్ళ చుట్టాల్ని చూసుకునేవారు. కింది వాటా మేష్టారు రెండొందల మైళ్ళ అవతల తమ్ముడింట్లో తన టేపురికార్డరు కనిపెట్టి, "పోయిందన్నాడే దొంగ వెధవ!" అంటూ మెట్ల మీదే కూలబడ్డాడు.

పై వాటా దర్జీ ఆవిడ కళ్ళ ముందు వీళ్ళెంత! పరిగెత్తే మిషను సూదిలోకి దారం ఎక్కించే మనిషి. మేడ మీదే మాస్కులు కుడుతూ, దూరపు నగరంలో చిక్కుకుపోయిన లారీ డ్రైవరు మొగుడి కోసం వెతికేది. ఓ రోజు కనిపించాడు. పసుపు గోడల ఇంట్లో, కిటికీ పక్కన, బనీనుతో. వీపు మీద గుర్రమాడుతున్న పిల్ల ముక్కు అచ్చం ఆయన ముక్కే.

ఫోను చేసింది.

"ఎక్కడున్నారండీ?"

"ఇంకెక్కడ, డిపోలోనే! లారీ కిందే పడక. దోమలు పీక్కుతింటున్నాయనుకో."

"తిన్నారా?"

"ఏం తిండిలే! నిన్నటి బన్ను ముక్క."

అవతల ఒకావిడ ఆయన పళ్ళెంలో రెండో చేపముక్క వేస్తోంది.

"పాపం," అంది దర్జీ ఆవిడ, దారం పంటితో తెంపి. ఆయన ఆ ఇంట్లోంచి బయట అడుగుపెడితేగా, చూపుల సంగతి తెలియడానికి!

పది రోజులకు ఆయన్ని జ్వరం పట్టుకుంది. ఆ ఇంటావిడ పిల్లను చంకనేసుకుని పుట్టింటికి పోయింది. వందేళ్ళలో ఎవరూ పీల్చని స్వచ్ఛమైన గాలి ఇంటినిండా ఉంది. ఆయన గొంతులోకి చెంచాడు దిగడం లేదు. మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏమే... ఊపిరాడట్లేదు. అంబులెన్సుకి ఎంత కొట్టినా కలవట్లేదు. నువ్వు చేసి పంపించవే."

"పంపిస్తా. ఎక్కడికి?"

గుమ్మం మీది ఇంటి నంబరు, దాని పక్కన తుప్పుపట్టిన మేకుతో సహా ఆవిడకు కనిపిస్తోంది.

"డిపోకే."

"సరిగ్గా చెప్పండి. ఒట్టు, ఏమీ అనను. ఇంకెక్కడైనా ఉన్నారా?"

డిపో నాలుగు వీధుల అవతలే. అక్కడిదాకా నడిచిపోగలననుకున్నాడు ఆయన.

"నీకెప్పుడూ... అనుమానమే! డిపోలో కాక... ఎక్కడుంటాను?"

డెబ్బైసార్లు కొట్టాక ఆ నగరపు అంబులెన్సు దొరికింది. డిపో అని చెప్పింది ఆవిడ. తెల్లబండి ఖాళీ రోడ్ల మీద దూసుకొచ్చి, పసుపు ఇంటి వీధి మొగ దాటి పోయింది. ఆయన బయటి మెట్లు మూడు దిగి, కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాడు.

కాసేపటికి అంబులెన్సు డ్రైవరు ఫోను చేశాడు. "అమ్మా, డిపో అంతా తిరిగాం. లారీల కింద కూడా చూశాం. ఎవరూ లేరు."

మెట్ల మీద ఆయన చెయ్యి కమ్మీని వదిలేసింది.

"మా ఆయన అబద్ధమాడే మనిషి కాదు బాబూ," అంది ఆవిడ, అటే చూస్తూ. "ఇంకోసారి వెతకండి."