గోడ మీద చెంచా

పరుపు మాస్టారు కంప్యూటర్లో నాదాలు పుట్టించే సింథ్‌లలో మూడోది తెరిచి, కీబోర్డు మీద మెట్లు నొక్కి పట్టుకున్నాడు. గోడ అవతలి నుంచి చెంచా టకటకా మోగింది.

"ఎవరో ఆవులిస్తున్నట్టుందండీ!" అంది భార్య.

టీవీ సీరియళ్లలో మాటల అడుగున పరుచుకుని ఉండే పొడవాటి నాదాన్ని ప్యాడ్ అంటారు. ఎన్నో ఏళ్లుగా ఆయన చేస్తున్నది అదే. అందుకే స్టూడియోవాళ్లు పరుపని పేరు పెట్టారు. "పడుకున్నవాడు పరుపుని తలుచుకుంటాడా?" అని ఆయనే నవ్వేసేవాడు.

ఆమెకు సంగీతం రాదు గానీ, అబ్బో, పాము చెవులు! కాపురానికి వచ్చిన కొత్తలో వంటగదిలోంచి గిన్నె మీద కొట్టేది. మంచం పట్టాక గోడ మీద కొడుతోంది. అక్కడ సున్నం పెచ్చు లేచింది. నచ్చకపోతేనే చప్పుడు. నచ్చితే గప్‌చుప్. బాగుంటే అసలు ఉన్నట్టే తెలియకూడదన్నది ఆమె లెక్క. ఆమె ఒప్పుకోకుండా ఒక్క నాదమూ ఆ గడప దాటలేదు.

ఇవాళ్టి సన్నివేశంలో తల్లి ఇల్లు విడిచి వెళ్తుంది. మధ్యాహ్నానికల్లా పంపాలి. పొద్దున మొదట తెరిచిన కొత్త సింథ్ తళతళలాడితే "దుకాణం దీపాల్లా ఉంది" అంది. పాతకాలపు వణుకుడు నాదానికి "జలుబు చేసిందా దానికి?" అంది. ఇప్పుడు ఆవులింతకి తనే నవ్వబోయేసరికి దగ్గు తెర కమ్మింది. ఆయన లేచాడు.

"రాకండి. ముందు పని కానివ్వండి."

నాలుగోదానికి చెంచా ఒక్కసారే, మెల్లగా తగిలింది. హమ్మయ్య, సగం మెత్తబడింది అనుకున్నాడు పిచ్చి మారాజు.

చివరికి, ఎప్పుడో ఉచితంగా దొరికిన పాత సింథ్ తెరిచాడు. పదును తగ్గించాడు. నాదం ఊపిరిలా నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగేలా సర్దాడు. వాయించాడు. గోడ పలకలేదు. మళ్లీ వాయించాడు. ఊహూఁ.

"ఏమోయ్! ఇన్నాళ్లకి నీ నోరు మూయించాను, చూశావా!" అని కేకేసి, దాన్ని పంపేసి, ఈల వేసుకుంటూ టీ కలిపి తీసుకెళ్లాడు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. భుజం పట్టుకుని కదిపాడు. ఒళ్లు చల్లబడిపోయింది. టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియలేదు.

సాయంత్రం ఇంటినిండా జనం ఉండగా స్టూడియో నుంచి ఫోను.

"అదరగొట్టారు మాస్టారూ! అసలు ఉన్నట్టే తెలియలేదు."

ఆయన ఫోను పెట్టేశాడు. నచ్చి ఊరుకుందా, అప్పటికే పోయిందా? ఎవర్నని అడుగుతాడు? తన గదిలోకి వెళ్లి ఆ మెట్లే నొక్కి పట్టుకున్నాడు.

"కొట్టవే. బాగాలేదని ఒక్కసారి కొట్టవే," అన్నాడు గోడతో.

గోడ అవతల, పెచ్చు లేచినచోటి కింద, మంచం పక్కన నేలమీద చెంచా పడి ఉంది. దాని అంచుకి సున్నం అంటుకుని ఉంది.