గవరయ్య ఫోను మళ్ళీ కలిసిన రోజు

నేను ఒక రౌటర్ని. పుట్టింది ఏదో పరాయి దేశపు ఫ్యాక్టరీలో. బతుకంతా గడిచింది మాత్రం ఉద్దానంలో, జీడితోటల మధ్య ఒక కేబుల్ ఆఫీసులో. మొదట కొన్నాళ్ళు ఒక కాలేజీలో ఉన్నాను. అక్కడ పిల్లల సంఖ్య పెరిగి నేను చాలకపోతే, ఇక్కడికి పంపేశారు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ ఇంటర్నెట్టు నా గుండానే పోయేది.

ఇంటర్నెట్టు ఎక్కడో గాలిలో ఉంటుందని మనుషుల నమ్మకం. మా ఊళ్ళలో అది స్తంభాల మీద, తీగల్లో ఉండేది. ఎవరైనా ఒక మాట పంపితే అది ముక్కలు ముక్కలై బయలుదేరుతుంది. ప్రతి ముక్క మీదా ఎక్కడినుంచి, ఎక్కడికి, ఎన్నోది అని రాసి ఉంటుంది. నేను చిరునామా చూసి దారి చూపిస్తాను. లోపలి మాటకు తాళం ఉంటుంది, నాకు తెలియదు. అవతల అందిందన్న కబురు తిరిగి వచ్చేదాకా పంపిన ఫోను ఆ మాటను పారేయదు. దాచుకుని మళ్ళీ పంపుతుంది.

ఆ తీగలన్నీ లాగినవాడు లైన్‌మన్ బోనేలి గవరయ్య. ఆయన భార్య ఎర్నమ్మ నా పక్క బల్ల దగ్గర కూర్చుని కంప్లయింట్లు తీసుకునేది. "నెట్టు నేదా? పెట్టె ఓపాలి ఆపి ఎయ్యండి బాబూ" అని పొద్దస్తమానం అదే మాట.

తుపాను వెలిసిన మూడోనాడు, ఇంకా సెల్ టవర్లు లేవక ముందే, తెగిన మా తీగ కట్టడానికి గవరయ్య తోటల అవతల చివరి కరెంటు స్తంభం ఎక్కాడు. పైన కరెంటు ఉంది. కింద పడ్డవాడు మళ్ళీ లేవలేదు. ఫోను దొరకలేదు. "ఎక్కొద్దని సెప్పినాను, ఇన్నేదు" అన్నాడు సూపర్వైజరు లోకనాథం. "సొంత అజాగ్రత్త" అని యజమాని పాత్రుడు గారు కాగితం రాయించారు. ఎర్నమ్మ సంతకం పెట్టింది. పదిహేనో రోజున వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత మాత్రం తీసేది కాదు.

రెండు నెలలు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం చివరి స్తంభం దగ్గరి వైఫై పెట్టె గుండా ఒక ఫోను నన్ను చిరునామా అడిగింది. ప్రతి యంత్రానికీ పుట్టుకతో వచ్చిన నంబరొకటి ఉంటుంది. చూశాను. గవరయ్యది. భయపడడం నాకు చేతకాదు, అడిగినవాళ్ళకు చిరునామా ఇవ్వడమే నా పని. ఇచ్చాను.

ఎర్నమ్మ ముందున్న కంప్యూటరు తెర మీది వరసలో "గవరయ్య" అని పచ్చగా వెలిగింది. ఎర్నమ్మ చూసింది. చేతిలో రిసీవరు అలాగే ఉండిపోయింది. అవతల ఎవరో హలో హలో అంటూనే ఉన్నారు.

ఆ వెంటనే ఆ ఫోను దాచుకున్న మాట ముక్కలుగా నా దగ్గరికి వచ్చింది. నేను దాన్ని బయటికి పంపాను. ఎక్కడో దూరదేశపు యంత్రం దాకా వెళ్ళి, మళ్ళీ నా గుండానే తిరిగి వచ్చి, నాకు బారెడు దూరంలో ఉన్న ఎర్నమ్మ ఫోనులో చేరింది. ఆమె వేలితో తాకింది. గవరయ్య గొంతు.

"ఒలే, కరెంటు తీసీసినారని లోకనాదం సెప్పినాడు. నానెక్కతన్నాను. ఆలీసమౌద్ది. నువ్వు బువ్వ తినీయ్."

వెనక గాలి హోరు. అంతే.

ఎర్నమ్మ ఆటో కట్టించుకుని చివరి స్తంభం దగ్గరికి పోయింది. అక్కడ జీడాకులు ఊడ్చుకునే గున్నమ్మ అనే ముసలామెకు, గవరయ్య ప్లాస్టిక్ కవరులో చుట్టుకున్న ఆ ఫోను పొదలో దొరికిందట. ఎవరిదో తెలుస్తుందని అక్కడే తన ఇంట్లో ఛార్జింగు పెట్టిందట.

మర్నాడు ఎర్నమ్మ లోకనాథాన్నీ పాత్రుడు గారినీ నా ముందే కూర్చోబెట్టి ఆ మాట వినిపించింది. లోకనాథం ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"కరెంటోళ్ళని కనుక్కోనేదమ్మా. తీసీసినారనుకున్నాను. తరవాత... భయమేసీసింది."

"నీ భయానికి నా పెనిమిటి తప్పోడైపోయినాడు," అంది ఎర్నమ్మ. "ఆ కాగితం సింపండి. జరిగింది రాయండి."

పాత్రుడు గారు చింపారు. లోకనాథం తన చేత్తోనే రాసి, సంతకం పెట్టాడు. ఆ కాగితం మీద నడిచిన కేసు ఎటు పోయిందో నాకు తెలియదు. లోకనాథం మళ్ళీ ఆఫీసుకు రాలేదు.

ఫోను మాత్రం ఎర్నమ్మ తెచ్చుకోలేదు. "దాన్నక్కడే ఎలగనీ అప్పా" అని గున్నమ్మను బతిమాలింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం డబ్బా మూత తీసి, "తింతన్నాను" అని ఆ ఫోనుకు పంపేది. నేను మోసుకెళ్ళేవాణ్ణి. అందినట్టు గురుతు వచ్చాకే ముద్ద నోట్లో పెట్టుకునేది. అందుకున్నది ఒక యంత్రం. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

నేను పాతబడ్డాను. కొత్త రౌటరు తెచ్చిన టెక్నీషియన్ నా పట్టీలోని చిరునామాలు ఒక్కొక్కటే దానిలోకి ఎక్కిస్తూ ఒకచోట ఆగాడు.

"ఈ గవరయ్య ఎవరమ్మా? తీసేయమంటారా?"

"మాయాయిన," అంది ఎర్నమ్మ. "లైను మీదున్నాడు. ఉంచీ బాబూ."

అతను ఆ పేరు ఎక్కించి, నా తీగ పీకేశాడు.