బోర్లించిన కడాయి కింద

ఆర్మూరు చుట్టుపక్కల చిరుతను చీపురుకట్టతో తరిమిన మొగోడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణి నేనే. పేరు లక్ష్మీరాజం. నా భార్య గంగమణి ఆ రోజు పసుపు ఉడకబెట్టే కడాయి కింద దాక్కుని వణుకుతుంటే, నేను చీపురు తిప్పుకుంటూ ఆ జంతువును సిద్ధులగుట్ట దాకా సాగనంపి వచ్చాను. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, చావుల్లో ఇదే చెబుతున్నాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగిన మనిషి ఒక్కతే, ఆమె పోయిన ఏడాది కన్ను మూసింది.

రేపు గంగమణి సంవత్సరికం అనగా మనుమరాలు నందిని ఫోన్ పట్టుకుని నా వెంట పడింది. బాల్కొండలో ఉండే గంగమణి చెల్లెలు, అంకాపూర్ వియ్యపురాలు, మా పసుపు కొనే సేటు, అందరి నోటా నాయినమ్మ ముచ్చట్లు అందులోకి ఎక్కించుకుంది. రేపు భోజనాలకు ముందు చుట్టాలకు వినిపిస్తుందట.

"తాతా, నీదొక్కటే మిగిలింది. చిరుత ముచ్చట కల్లం కాడ చెప్పుదువు రా."

"గీడ కూసొని చెప్తే ఇనబడదా?"

"గా జాగల చెప్తే నీకు అబద్ధాలు జర తక్కువొస్తయేమో అని."

దీని నోరు అచ్చం వాళ్ల నాయినమ్మదే.

పొద్దు వాలుతుండగా కల్లానికి పోయాం. ఎండబోసిన పసుపు ఒకవైపు కుప్పగా ఉంది. పక్క కల్లంలో ఎర్రన్న పొద్దంతా పసుపుకు పాలిష్ పట్టే డ్రమ్ము తిప్పి, అప్పుడే చాయ్‌కి పోయినట్టున్నాడు. దుమ్ము ఇంకా గాలిలో పచ్చగా తేలుతోంది. ఇప్పుడంతా బాయిలర్ల కాలం కాబట్టి మా పాత కడాయి ఓ మూల బోర్లించి ఉంది, అంచు కింద ఒక రాయితో. నందిని ఫోన్‌ను పసుపు కుప్ప మీద నిలబెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను.

"గప్పుడు నేను చీపురు వట్టుకొని..."

కుప్ప వెనక ఏదో కదిలింది.

పసుప్పచ్చని వీపు. ఒంటి నిండా నల్లని మచ్చలు. తోక మెల్లగా ఊగుతోంది. గుట్ట కింద ఎవరిదో దూడను చిరుత ఎత్తుకుపోయిందని మొన్ననే బజారులో విన్నాను. నేనేమైనా అనుకునే లోపే నా కాళ్లు కడాయి దగ్గరున్నాయి. నందిని చెయ్యి పట్టి లాగాను. రాయి పక్క సందులోంచి ఇద్దరం దూరాం.

లోపల చీకటి, పాత మసి వాసన. నా గుండె చప్పుడు ఇనుముకు తగిలి నాకే వినిపిస్తోంది.

"తాతా," అని గుసగుసలాడింది నందిని, "ఏ దిక్కు సందుందో, తల ఎట్ల వంచాల్నో నీకెట్ల ఎరుక? దాక్కున్నది నాయినమ్మ గదా?"

"సప్పుడు జెయ్యకు!"

"అయ్యో, ఫోన్! నాయినమ్మ ముచ్చట్లన్ని దాంట్లనే ఉన్నయ్. బాల్కొండ చిన్నవ్వకు మల్ల చెప్పే ఓపిక లేదు."

"పాణం కంటె ఫోన్ ఎక్కువనా?"

"ఇడువు తాతా!"

ఆనాడు గంగమణి అన్నదీ ఇదే మాట. మాకు అప్పట్లో రెండు కడాయిలు. ఒకటి బోర్లించి ఉంది, రెండోదాంట్లో పసుపు ఉడుకుతోంది. ఉడుకు మించితే రంగు చెడుతుంది. "పసుపు కరాబైతది, ఇడువు!" అని నా చెయ్యి విదిలించుకుని బయటికి పోయింది. పొయ్యిలో మండే కట్టె గుంజి చిరుత మీదికి ఉరికింది. కడాయి కింద వణికినవారెవరో ఇక చెప్పనక్కర్లేదు. చీపురంటారా, ఆ కల్లంలో అసలు చీపురే లేదు.

నందిని పాకుతూ బయటపడింది. పోతుంటే కాలు తగిలి రాయి జారింది. కడాయి దభేలున నేలకు ఆనింది. నేను లోపల. పిల్ల బయట, దాని ముందర.

భుజం ఆనించి లేపబోయాను. నలుగురు మోసే కడాయి, కదల్లేదు. "నందీ! బిడ్డా!" అని అరిస్తే నా అరుపు నా చెవుల్లోనే పడింది. బయట పసుపు కొమ్ములు గలగలా జారాయి. ఏదో ఉరికింది. నా తలకు జానెడు దూరంలో ఇనుము మీద గోళ్లు గీరాయి. అంచు దగ్గర ముక్కుతో వాసన చూస్తున్న ఊపిరి. పోచమ్మకు ఒక మేకను మొక్కాను. చాలదేమోనని ఇంకోటి మొక్కాను. నన్ను తిననీ తల్లీ, పిల్లను ముట్టనియ్యకు అన్నాను. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

అప్పుడు వినిపించింది.

"హేయ్! ఛల్! పో అవుతలికి!"

అది గంగమణి గొంతు. ఇదే చీకట్లో కూచుని ఆనాడు విన్న గొంతు. ఆ తరువాత, ఆనాటి లాగే, ఏ చప్పుడూ లేదు. ఆనాడు అనుకున్నదే మళ్లీ అనుకున్నాను: అయిపోయింది.

ఇనుము మీద టకటక కొట్టారు.

"తాతా, ఉన్నవా? చిరుతకు బిస్కెట్ గావాల్నంట."

నందిని కేకేస్తే ఎర్రన్న వచ్చి, గడ్డపార పెట్టి కడాయి లేపాడు. బయట తోకాడిస్తున్నది అతని కుక్క; నందిని అచ్చం నాయినమ్మ గొంతుతో అదిలించింది దాన్నే. డ్రమ్ము కింద పసుపు దుమ్ములో పొద్దంతా పొర్లి, పచ్చగా లేచి వచ్చింది.

"మామా, చీపురు దెమ్మంటవా?" అన్నాడు ఎర్రన్న.

నందిని చేతిలో ఫోన్ భద్రంగా ఉంది, రికార్డింగ్ ఇంకా నడుస్తూనే ఉంది.

"నా కేకలు గిట్ల తీసెయ్యి బిడ్డా."

"తీసెయ్య. నాయినమ్మ ముచ్చట్లల్ల గిదే అస్సలుది."

మరునాడు చుట్టాలందరూ విన్నారు, కడుపులు పట్టుకుని నవ్వారు. నేను లేచి, చిరుతను తరిమింది గంగమణి అని నా నోటితో నేనే చెప్పాను. బాల్కొండ చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ, "గిది మాకెప్పుడో ఎరుకే బావా," అంది.

ఇంతా చెప్పాక ఒకటి దాచడమెందుకు? ఎర్రన్న కుక్కకు మచ్చల్లేవు, అది ఒట్టి తెల్లకుక్క. మీరు నన్ను మరీ పిరికివాడనుకుంటారని ఆ మచ్చలు నేనే పెట్టాను. పాత చిరుతకు మాత్రం నిజంగానే ఉన్నాయి. గంగమణి చెప్పింది. నేను కడాయి కింద ఉన్నాను గదా, చూడలేదు.