మూఢంలో మొండికేసిన ఏనుగు

మా ఇంట్లో ఒక ఏనుగు మూడు రోజులు మొండికేసింది. పెద్దదేం కాదు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. మా అమ్మాయి లోహిత లాప్‌టాప్‌లో కుడివైపు పైమూల దాని కాపురం.

లోహిత ఫోన్లకు యాప్‌లు తయారుచేస్తుంది. బీటెక్ అయి ఏడాదైంది. చేయడం వచ్చు, చేయమన్నవాళ్ళే లేరు. మొట్టమొదట చేయమన్నది దేవరాజులు చిన్నాయన. మా అత్తగారు చౌడేశ్వరమ్మకు సొంత తమ్ముడు. నగరిలో మిషను మగ్గాలున్నాయి, అక్కడి ఇరవై షెడ్ల సంఘానికి ఆయనే పెద్ద. అందరి గుడ్డ తానులూ ఒకే వ్యానులో రంగు అద్దకానికి పోతాయి. తిరిగొచ్చాక ఏ తాను ఎవరిదో తేలక వారం వారం పంచాయితీ. తానుకొక క్యూఆర్ కోడ్ చీటీ అంటించి, ఫోను చూపిస్తే, ఇది ఫలానా షెడ్డుదని చెప్పే యాప్ కావాలన్నాడు.

"వచ్చే శుక్రవారం పదకొండు గంటలకొస్తా పాపా. నువ్వు పంపే చీటీ అంటించి ఒక తాను ఎత్తుకోనొస్తా. నా కండ్ల ముందర అది చదివిందా, పని నీదే. లేదంటే చెన్నైలో ఒకాయన సిద్ధంగా ఉండాడు. మావోళ్ళంతా ఆయనకే ఇద్దామంటా ఉండారు, నేనే పట్టి పెట్టినా" అన్నాడు. అక్క మనవరాలని మొహమాటం ఏమీ లేదు. చుట్టరికం చుట్టరికమే, తాను తానే.

పని వచ్చింది సరే, వచ్చిన కాలం చూడండి. నడి మూఢం. సంక్రాంతి దాటింది గానీ మూఢం దాటాలంటే ఇంకా నెల.

"మూఢంలో కొత్త పని ఎట్ల మొదలుపెడతారు మే?" అంది అత్తగారు.

"ఇది కంప్యూటర్ పని కదత్తా" అన్నాను.

"కంప్యూటరు మూఢంలో ఉండదా? యాడుంటుంది, చంద్రుని మీదా?"

దీనికి జవాబు మా బీఎస్సీ కెమిస్ట్రీ సిలబస్‌లో లేదు. ఆవిడ దిగులు ఆవిడది. పిల్లకు మొదటి పని, చెడిపోతే మూఢం మాట ఎవరూ వినలేదని ఏడాది పొడుగునా అనాల్సి వస్తుంది, వినాల్సి నాకు వస్తుంది. కాబట్టి నేనొక ఉపాయం చేశాను. లోహిత స్నానానికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో తేదీని వెనక్కి, మూఢం రాకముందరి కార్తీకమాసంలోకి తిప్పాను. దానంతటది సరైన తేదీకి వచ్చే మీట ఒకటుంటుంది, దాన్నీ ఆఫ్ చేశాను. ఏ తేదీ పెట్టాలా అని ఎక్కువ ఆలోచించలేదు. నవంబరు పదమూడు. ఆ రోజు దివ్యమైన ముహూర్తమని చుట్టాలంతా చెప్పుకున్న గుర్తు.

లోహిత వచ్చి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టింది. తను ఫోను మాట్లాడడానికి మేడమీదికి పోగానే అత్తగారిని పిలిచి ఆ ఫైలు పుట్టిన తేదీ చూపించాను. "చూడత్తా, పిల్ల తెలివైంది. కార్తీకంలోనే మొదలుపెట్టి ఉంచింది. ఇప్పుడు చేసేదంతా మిగిలిన పనే."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీది అంకెలు చూసింది. ఆ పక్కన ఏనుగు బొమ్మ కూడా చూసింది. "వినాయకుడుండాడే. సరే" అంది. గెలిచాననుకున్నాను. తేదీ మళ్ళీ ముందుకు తిప్పుదామని కూర్చుంటుండగా వీధిలో గ్యాసు బండి వచ్చింది. ఆ గ్యాసు బండితోపాటు తేదీ సంగతీ వెళ్ళిపోయింది.

ఇక ఏనుగు కథ. చీటీ మీది క్యూఆర్ కోడ్ చదివే భాగాన్ని లోహిత సొంతంగా రాయదు. ఎవరో రాసిపెట్టిన సరుకు బయట ఉంటుంది, దాన్ని లైబ్రరీ అంటారు. దాని పేరు, వెర్షన్ నంబరు సరుకుల చీటీలో రాసినట్టు ఒక ఫైల్లో రాసి, ఏనుగు బొమ్మ నొక్కితే, ఆ ఏనుగు ఇంటర్నెట్టులోకి పోయి మోసుకొస్తుంది. పొడులన్నీ ఇంట్లోనే దంచుకోవాలని నన్ను వేపుకుతినే ఇంట్లో ఇంత సుఖమైన చదువు నాకెందుకు చెప్పించలేదా అనిపించింది.

మొదటి నాలుగు రోజులు తెర మీది బొమ్మలూ బటన్లూ చేసుకుంది. మంగళవారం లోహిత ఆ సరుకుల చీటీ రాసి ఏనుగును నొక్కింది. అది ఉత్త తొండంతో తిరిగొచ్చింది. కింద ఎర్రటి అక్షరాలు బారులు తీరాయి.

"తేలేకపోయిందంటమ్మా."

"ఏం, దారి తెలీదంటనా?"

"అమ్మా, నవ్వద్దు."

నేను నవ్వలేదు. మా వారు దేవేంద్ర కూడా నవ్వలేదు. ఆయన యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు. "ఆఫ్ చేసి ఆన్ చెయ్ నాయనా." ఆఫీసులో ఫైళ్ళకూ అదే వైద్యం అనుకుంటాను, కొన్ని ఏళ్ళ తరబడి ఆఫ్‌లోనే ఉంటాయి. లోహిత ఆఫ్ చేసి ఆన్ చేసింది. ఏనుగు కూడా కాసేపు పడుకుని లేచి, మళ్ళీ అదే మాట చెప్పింది.

బుధవారం సుకుమార్ వంతు. లోహితతో చదివినవాడు, ఏర్పేడు దగ్గర క్యాంపస్‌లో ఏదో ప్రాజెక్టులో చేస్తున్నాడు. పొద్దున ఫోను చేసి, "వెర్షన్ మరీ కొత్తది పెట్టినావ్ లోహీ, పాతది పెట్టు" అన్నాడు. మధ్యాహ్నం, "మరీ పాతది పెట్టినావ్, కొత్తది పెట్టు" అన్నాడు. సాయంత్రం, "అంతా తీసేసి మళ్ళా పెట్టు" అన్నాడు. మేము పెళ్ళిచూపులకు చీరలు మార్చినట్టు ఆ పిల్ల నంబర్లు మార్చింది. ఫోనులో ఏఐని కూడా అడిగింది. అది చాలా మర్యాదగా పది ఉపాయాలు చెప్పింది. మా లాప్‌టాప్ ముసలిది. యాప్ చేసే సాఫ్ట్‌వేర్ తెరిచాక ఇంకేదీ తెరవకూడదు, తెరిస్తే ఆయాసపడి పడుకుంటుంది. అందుకని వెతుకులాటంతా ఫోనులో, మరమ్మతంతా లాప్‌టాప్‌లో. తెర చాలడం లేదని కింది పట్టీని కూడా దాచిపెట్టుకుంది లోహిత. అందులోనే తేదీ ఉంటుంది.

ఆ సాయంత్రం మా అత్తగారు గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చి లాప్‌టాప్‌కు దిష్టి తీయబోయింది.

"అవ్వా! ఉప్పు కీబోర్డులో పడతాది!"

"పడితే పడనీ. ఉప్పు లేకనే అట్ల సప్పగా ఉండాదేమో."

గురువారం మధ్యాహ్నానికి లోహిత తలకు నూనె పెట్టుకుంది. మా పిల్ల పనివేళ తలకు నూనె పెట్టుకుందంటే ఓడిపోయినట్టు లెక్క. "తలస్నానం చేసొచ్చి నాలుగింటికి తాతకు ఫోన్ చేస్తా. రావద్దని చెప్తా. చెన్నై ఆయనకే ఇచ్చుకోమంటా" అంది. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఏడవలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, "నాకు రాదేమోమ్మా ఈ పని" అని మాత్రం అని బాత్రూములోకి పోయింది.

గడియారం మూడున్నర చూపిస్తోంది. హాల్లో అత్తగారు గిన్నె ముందు పెట్టుకుని నానిన అనపగింజలు పితుకుతోంది. రేపు తమ్ముడొస్తాడు, పితికిపప్పు చేయాలి. నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఎర్ర అక్షరాలు అరవై వరుసలుంటాయి. మొదటి వరుస నాకూ కంఠస్థం, ఎందుకంటే మూడు రోజులుగా ఇంట్లో అందరూ దాన్నే చదువుతున్నారు. ఈ కాలం పిల్లలు మొదటి వరుస చదివి ఫోనులో వెతుకుతారు. మాకు ల్యాబులో ఇంకో పద్ధతి నేర్పారు. సీసా మీది లేబులు చివరిదాకా చదవందే మూత తీయరాదు. చదవని వాళ్ళ ఓణీలకు చిల్లులు పడేవి. ఆ అలవాటుతో నేను పచ్చడి ప్యాకెట్టునైనా కింది నుంచి చదువుతాను. దీన్నీ కింది నుంచి మొదలుపెట్టాను.

అట్టడుగున ఉంది సంగతి. సరుకున్న చోటి వాళ్ళు తమ గుర్తింపుకి ఒక సర్టిఫికేట్ చూపిస్తారట. ఆ సర్టిఫికేట్ డిసెంబరు తొమ్మిదికి ముందు చెల్లదట. అందుకని నమ్మలేదట.

డిసెంబరు తొమ్మిది పోయి నెల దాటిందే, ముందు అంటాడేమిటి, అనుకున్నాను. అనుకుని, తెర అడుగుకు బాణం గుర్తును జరిపాను. దాచిన పట్టీ పైకి లేచింది. మూలన తేదీ. నవంబరు పంతొమ్మిది.

గుండెలో రాయి పడింది అంటారు కదా, నాకు గ్యాసు సిలిండరు పడింది.

నేను పదమూడుకు తిప్పి వదిలేస్తే అది పాపం అక్కడి నుంచే రోజుకొక రోజు నడుచుకుంటూ వస్తోంది. తయారీ తేదీ వచ్చే నెలది వేసి ఉన్న బ్రెడ్ ప్యాకెట్టును మనం కొంటామా? లాప్‌టాప్ కూడా కొనలేదు. దాని లెక్కలో అది కార్తీకం, వాళ్ళ సర్టిఫికేట్ ఇంకా పుట్టనే లేదు. పాత సరుకంతా ఎప్పుడో తెచ్చి లోపల పెట్టుకుంది కాబట్టి ఇన్నాళ్ళూ బండి నడిచింది. బయటి నుంచి కొత్తది తేవాల్సొచ్చేసరికి ఆగిపోయింది. ఏనుగు తప్పు లేదు. పిల్ల తప్పు అసలే లేదు.

తేదీ సరిచేసే చోటికి పోయాను.

"ఏమి నొక్కుతాండావు మే?" అంది అత్తగారు, గింజల మీది నుంచి తల ఎత్తకుండా.

"దుమ్ము తుడుస్తున్నానత్తా."

"తుడువు, తుడువు. శానా పట్టింది."

మీట ఆన్ చేశాను. తెర ఒక్క దూకుతో మాఘంలోకి వచ్చి పడింది. ఏనుగును నొక్కాను. కింద నీలం గీత కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడినట్టు కూర్చున్నాను. ఎర్ర అక్షరాలు పోయి ఆకుపచ్చ టిక్కు వచ్చింది.

లోహిత తడి తలతో వచ్చి చూసి పెట్టిన కేకకు పక్కింటి తిరుమలమ్మ గోడ మీది నుంచి తొంగిచూసింది. అయిదు నిమిషాల్లో ఘనత పంపకం మొదలైంది. మా వారు ఆఫీసు నుంచి, "ఆఫ్ చేసి ఆన్ చేసినారా? నేను చెప్పలా?" అన్నారు. సుకుమార్, "చివర నేను చెప్పిన వెర్షనే కదా అది" అన్నాడు. అత్తగారు మాత్రం దిష్టి మాట ఎత్తలేదు. అది నాకు కొంచెం వింతగా తోచింది.

నేను నోరు మూసుకుని ఉండవచ్చు. ఉండేదాన్నే. కానీ లోహిత నోటుబుక్కు తీసి, ఆ వెర్షన్ నంబరు రాసుకుని కింద రెండు గీతలు గీస్తోంది. ఇంకోసారి ఏనుగు మొండికేస్తే ఆ పిల్ల ఈ నంబరు పట్టుకుని కూర్చుంటుంది, మళ్ళీ తలకు నూనె పెట్టుకుంటుంది.

వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, మొత్తం చెప్పాను. గ్యాసు బండితో సహా.

లోహిత నోటుబుక్కు టపీమని మూసేసింది. "మూడు దినాలమ్మా! నేను పనికిరానేమో అనుకున్నా. అవ్వకు చూపించడానికి నువ్వు..."

"తప్పే. నీ నోటుబుక్కులో నా పేరు రాసుకో. కింద రెండు గీతలు కూడా గీయి."

కోపంగా ఫోను తీసి ఏఐ చెప్పిన ఉపాయాలు మళ్ళీ చూసింది. ఎనిమిదోది: మీ కంప్యూటరులో తేదీ సరిగా ఉందో లేదో చూసుకోండి. మా పిల్ల రెండు రోజుల్లో ఏడోదాకా వచ్చింది. అది చూసి ముందు తను నవ్వింది. తరవాత నాకు ధైర్యం వచ్చి నేను నవ్వాను.

"ఏమే, గుసగుసలు అయిపోయినాయా?" హాల్లోంచి అత్తగారి గొంతు. "నవంబరు పదమూడో తేదీ దేవరాజు మనవనికి చెవులు కుట్టినారు. ఇంటికి తాళమేసి అందరమూ నగరికి పోయింటిమి. లాప్‌టాపును బీరువాలో పెట్టింది నువ్వే కోమలీ. మరి ఆ దినం ఈడ ప్రాజెక్టు మొదలుపెట్టింది ఎవురు, బీరువానా?"

ముహూర్తం గుర్తుండి, అది ఎవరి ముహూర్తమో గుర్తులేకపోవడం నాకే చెల్లింది.

"తెలిసీ ఆ దినం ఊరుకున్నావా అత్తా?"

"ఊరుకోక? మీ మామ నడి మూఢంలో కొత్త మగ్గం తెచ్చి దించి, అంతకుముందే దించేసినామని మా అత్తకు చెప్పినాడు. ఆయమ్మ సరే అనింది. నేనూ సరే అంటి. ఆ మగ్గం ముప్పై ఏండ్లు ఆడింది." ఒక గింజ పితికి గిన్నెలో వేసింది. "కాకుంటే మీ మామ చెప్పినంతటితో వదిలిపెట్టినాడు. మగ్గానికి యాడా తేదీ మార్చలా. చదువుకున్నదానివి, నీకు అంత అవసరమయింది."

శుక్రవారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువగా దేవరాజులు చిన్నాయన ఒక తాను భుజాన వేసుకుని వచ్చాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా దాన్ని మంచం మీద పెట్టి, "కానీ పాపా" అన్నాడు. లోహిత ఫోను తీసింది. చీటీ మీద చూపించింది. కిచ్‌మని చప్పుడయింది. పద్నాలుగో నంబరు షెడ్డు, వంగపండు రంగు, అద్దకానికి పోయిన తేదీ, అన్నీ వచ్చాయి.

చిన్నాయన ఫోను తీసుకుని తను ఒకసారి చదివించాడు. తానును తిరగేసి చదివించాడు. చీటీని సగం చేత్తో మూసి చదివించబోయాడు, అది రాలేదు.

"సగం మూస్తే రాదు తాతా."

"సగం మూస్తే నాకూ కనపడదులే." కుర్చీలో కూర్చున్నాడు. "చెన్నై ఆయనకు వద్దని చెప్పేస్తా. సోమవారం నగరికి రా. ఇరవై షెడ్లూ తిప్పుతా." ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ, "అవునూ, మూఢంలోనా మొదలుపెట్టింది? సంఘంలో గంగాధరం ఉండాడే, వానికి ఇట్లాటి పట్టింపులు ఎక్కువ. అడుగుతాడు" అన్నాడు.

లోహిత నావైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

"మూఢంలో ఎందుకు మొదలుపెడతారప్పా, మతి ఉండేవోళ్ళు?" అంది అత్తగారు, విస్తరి పరుస్తూ. "కార్తీకంలోనే అయింది. నీ మనవనికి చెవులు కుట్టిన దినమే. అదే ముహూర్తం."

"అట్లనా, మంచి ముహూర్తం" అన్నాడాయన సంతోషంగా. విస్తట్లో వడ్డించాక ముద్ద ఎత్తబోయి ఆగాడు. "అయినా అక్కా, ఆ దినం మీరంతా మా ఇంట్లోనే..."

"పితికిపప్పు సల్లారిపోతాంది దేవరాజా, తిను" అంది అత్తగారు, ఇంకో గరిటె వడ్డిస్తూ.