ఈ నెల సాక్ష్యం

ప్రెస్సు నుంచి వచ్చిన కట్టకు దారం తెంపి, పెద్దమ్మ మొదటి కాగితాన్ని బల్ల మీద పరిచింది. మడత ఎక్కడ పడుతుందో చూసుకోకుండా ఆవిడ ఏ నెలా పని మొదలుపెట్టదు. కాగితం కవరులో పట్టాలి, కానీ ఏ మడతా ఫొటోలోని మనిషి ముఖం మీద పడకూడదు. ఇది ఈ క్రైస్తవ పరిచర్య ఆఫీసు వాళ్ళు పెట్టిన నియమం కాదు, ఆవిడ సొంతం. "మనిషి మొహం విరగ్గొట్టి పంపుతామా ఏమిటి?" అనేది. పంతొమ్మిదేళ్ళుగా ఆ వెనకగదిలో, ఇనప బీరువాకూ కిటికీకీ మధ్య కూర్చుని, నెలనెలా రెండువేల ఉత్తరాలు మడిచి, చందాలిచ్చే పరిచర్య మిత్రులకు పంపుతోంది. అందరికీ ఆవిడ కవర్ల పెద్దమ్మ. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు.

ఈసారి ఫొటోలో ఉన్నది తనే.

ముందు సిగ్గేసింది. ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, కళ్ళజోడు సర్దుకుంది. నెల్లాళ్ళుగా ఎదురుచూస్తోంది మరి!

పోయిన నెల, ఉత్తరం రాసే అమ్మాయి ఈ గదిలోకి వచ్చి ముక్కాలిపీట మీద కూలబడింది. "పెద్దమ్మా, ఈ నెలకి సాక్ష్యమే దొరకలేదు. ప్రతిసారీ దేవుడు చేసిన అద్భుతాలు ఎక్కణ్ణించి తేను? మామూలు మనుషుల కథ ఏదైనా ఉంటే చెప్పరూ?" అంది. ఆ పిల్లంటే పెద్దమ్మకు ప్రాణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పిల్లకి జ్వరమొస్తే మూడు రోజులు పెద్దమ్మే పక్కన కూర్చుంది. అడిగిందే తడవుగా తన భర్త గురించి చెప్పుకొచ్చింది.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. పోయి ఆరేళ్ళయింది. ఒక ఏడాది పెద్దమ్మ మణికట్టు వాచిపోతే, నెలనెలా ఉత్తరాల రోజున దుకాణం మూసేసి వచ్చి, ఈ గదిలోనే నేల మీద బాసింపట్టు వేసుకుని రెండువేలూ తనే మడిచాడు. మిషన్ నూనె కాగితాలకు అంటుతుందని ముందుగా మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. "నీకన్నా నాకే బాగా వస్తోంది, నీ ఉద్యోగానికి ఎసరు పెడతాను చూడు" అని ఉడికించేవాడు. అంతే కథ. చెబుతూ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది, వింటూ ఆ పిల్లా తుడుచుకుంది. పోతూ పోతూ పెద్దమ్మను ఫొటో తీసుకుంది. ఆ సాయంత్రమే పెద్దమ్మ కూతురికి ఫోను చేసి, "నాన్న గురించి మన ఉత్తరంలో వేస్తున్నారే! మీ అత్తగారికి కూడా చదివి వినిపించు" అని మురిసిపోయింది.

ఇప్పుడు వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. 'ఈ సహోదరి భర్త తాగుబోతు. ఏళ్ళ తరబడి ఆమెను కొట్టి హింసించాడు. మన ప్రార్థనల ఫలితంగా ఆయన మారుమనస్సు పొంది, భార్యతో కలిసి ఇవే ఉత్తరాలు మడిచాడు.'

తప్పు చదివానేమోనని మళ్ళీ చదివింది. తాగుబోతా? పూటకు రెండో టీ కూడా తాగని మనిషి!

కాగితం పట్టుకుని ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఏమిటమ్మా ఇది?"

అమ్మాయి తలెత్తలేదు. "మంచివాడు మంచివాడిగానే ఉన్నాడంటే చదివేవాళ్ళకి ఏముంటుంది పెద్దమ్మా? మార్పు కనబడాలన్నారు పాస్టరు అయ్యగారు. అయినా పేరు వెయ్యలేదుగా."

"మొహం వేశావుగా!"

పెద్దమ్మ తిన్నగా అయ్యగారి గదికి వెళ్ళి, "వందనాలండీ" అంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

సంగతి విని ఆయన నవ్వారు. "నేను చూసే పంపించానమ్మా. ఆయన్ని తక్కువ చేసిందేముంది? మారాడనే కదా రాశాం."

"మారడానికి ఆయన చెడ్డవాడు ఎప్పుడయ్యాడండీ? సమాధి దగ్గర మీరే కదండీ అన్నారు, ఈయన గొంతెత్తగా నేనెన్నడూ వినలేదని?"

ఆయనకు గుర్తుంది. గుర్తుందని ముఖమే చెప్పేసింది. అయినా కిటికీ వైపు తిరిగి, "ఇది చదివి ఎన్ని సంసారాలు బాగుపడతాయో ఆలోచించు. మీవారే ఉంటే సరేననేవారు" అన్నారు.

ఎంత తేలిగ్గా అనేశాడు! పోయిన మనిషి లేచొచ్చి కాదనలేడనే ధైర్యం కాబోలు. పంతొమ్మిదేళ్ళ గౌరవం ఆ ఒక్క మాటతో పెద్దమ్మ మనసులోంచి దిగిపోయింది. పరాయివాళ్ళు అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తన భర్త శవపేటికకు భుజం పట్టినవాళ్ళే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకుంటుంది?

వెనకగదిలోకి వచ్చి కూర్చుంది. వ్యాను నాలుగింటికి వస్తుంది. కూతురికైతే ఫోనులో చెప్పుకుంటుంది, మిగతా రెండువేల ఇళ్ళకు ఎవరు చెబుతారు? హాజరు పట్టీ పక్కనున్న పెన్ను తీసుకుంది. తాగుబోతన్న మాట కొట్టేసి, కొట్టాడన్న మాట కొట్టేసి, అంచు మీద వంకర అక్షరాలతో రాసింది: 'ఇది అబద్ధం. ఆయన ఏనాడూ తాగలేదు. నన్ను కొట్టలేదు.' రెండో కాగితం తీసుకుంది. మూడోది తీసుకుంది. ఎవరో భోజనానికి పిలిచినా లేవలేదు. పాత మణికట్టు నొప్పి మళ్ళీ మొదలైంది.

మూడింటికి అమ్మాయి వచ్చేసరికి అరవై కాగితాలు అయ్యాయి, అరవై ఒకటోది సగంలో ఉంది.

"అయ్యో పెద్దమ్మా, ఏం చేస్తున్నారు? ఇవి పంపలేం!" అంటూ మిగిలిన కట్టలన్నీ గబగబా తన వైపు లాక్కుంది. "నా ఉద్యోగం పోతుంది."

పెద్దమ్మ ఆ పిల్లని తిట్టలేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

"రేపు వస్తారుగా?"

"ఇంక నాకు చెప్పడానికేం లేదు తల్లీ. పైనెలకి కథ ఇంకెవరినైనా అడుగు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆఫీసులో ఉన్న గుమాస్తాలందరూ కూర్చుని, ఎలా పడితే అలా మడిచి కవర్లు అతికించారు. నాలుగుంపావుకు వ్యాను వెళ్ళిపోయింది. అందులో పెద్దమ్మ కూతురి కవరూ ఉంది.

వెనకగదిలో బల్ల మీద, పంపకుండా పక్కన పెట్టిన దొంతర మిగిలింది. పైకాగితం అంచున 'ఇది అబద్ధం. ఆయన ఏనాడూ' వరకే రాసి ఉంది, దాని మీద మూత పెట్టని పెన్ను ఉంది.